చీకట్లో కూడా చేతికి దొరకాలి: టీవీ కింది సొరుగు 60 రూపాయల్లో సర్దుకున్నాం

ఈ వారం చాలా చిన్న టాపిక్. మా ఇంట్లో టీవీ పెట్టిన చెక్క బల్లకి ఒక సొరుగు ఉంది. తెరిచి చూపిస్తాను, చూడండి. సగం దాకా వచ్చి ఆగిపోయింది కదా? లోపల ఏదో అడ్డం పడింది. ఇలా సందులోంచి చెయ్యి దూర్చి, ఆ అడ్డం పడినదాన్ని కిందకి నొక్కి పట్టుకుని, అప్పుడు లాగాలి. మా ఇంట్లో అందరికీ ఈ విద్య వచ్చు.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఫ్రిజ్ మీద బుట్ట కావచ్చు, షోకేసు కింద అర కావచ్చు, పాత బిస్కెట్ల డబ్బా కావచ్చు. "ఇది ఎక్కడ పెట్టను?" అని అడిగితే "ప్రస్తుతానికి అందులో పడెయ్" అని సమాధానం వచ్చే చోటు అన్నమాట. మా ఇంట్లో ఆ "ప్రస్తుతం" ఆరేళ్ల నుంచి నడుస్తోంది.

సర్దుదామని నాకేమీ సరదా పుట్టలేదండీ. పోయిన నెల మా అక్క వాళ్లు వచ్చారు. వాళ్ల పాపకి ఇంకా రెండేళ్లు నిండలేదు. అందరం భోజనాల దగ్గర ఉన్నాం, ఇది మాత్రం ఈ సొరుగు దగ్గర చేరింది. గుప్పిట్లో ఏదో తళతళ మెరుస్తోంది. రూపాయి బిళ్ల అనుకున్నా. "పిన్నికి ఇవ్వమ్మా" అంటే బుద్ధిగా ఇచ్చేసింది. రూపాయి కాదు. బటన్ సెల్. పాత బరువు మిషన్‌లోంచి తీసి ఎవరో సొరుగులో పడేసిన సెల్.

నోట్లో పెట్టుకోలేదు. ఏమీ జరగలేదు. కానీ ఆ రాత్రి నేను దాని గురించి చదువుతూ కూర్చున్నాను, అప్పుడు నిద్ర పోయింది.

దీని గురించి కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే సొరుగు మొత్తంలో అసలు విషయం ఇదే. ఆ సెల్ మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. అందులో 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. అంత వెడల్పున్న బిళ్ల చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్నాక తడి తగలగానే కరెంటు పారుతుంది. ఆ కరెంటుకి అక్కడున్న నీటిలోంచి ఘాటైన క్షారం పుడుతుంది, అది లోపలి కండని కాల్చేస్తుంది. 2 గంటల్లోపే తీవ్రమైన గాయం అవ్వొచ్చు. "అయిపోయిన సెల్లే కదా" అనుకోవద్దు. బరువు మిషన్ నడపడానికి చాలని సెల్‌లో కూడా కండని కాల్చేంత కరెంటు మిగిలే ఉంటుంది.

పొరపాటున మింగారని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయొద్దు, అన్నమో అరటిపండో పెట్టి లోపలికి దించేద్దామని చూడొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా బండి ఉంటే నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లగానే "బటన్ బ్యాటరీ మింగి ఉండొచ్చు" అని ఆ మాటే చెప్పండి, ఎక్స్‌రే తీస్తారు. నాణెం అనుకుని రేపు చూద్దాంలే అంటే ఆ 2 గంటలూ గడిచిపోతాయి.

ఈ సెల్స్ ఎక్కడెక్కడ ఉంటాయో ఒకసారి ఇల్లంతా చూసుకోండి. బరువు మిషన్, కారు తాళం, సన్నగా ఉండే చిన్న రిమోట్లు, దీపావళికి కొనే బ్యాటరీ దీపాలు, తెరిస్తే పాట వచ్చే గ్రీటింగ్ కార్డు. వాడేసిన సెల్‌కి రెండువైపులా టేపు అంటించి, మూతున్న డబ్బాలో పిల్లలకి అందనంత ఎత్తులో పెట్టాలి. సొరుగులో మాత్రం వద్దు. ఎంత బాగా సర్దిన సొరుగైనా వద్దు.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం.

ముందు మేం కూడా అందరిలాగే బీసెంట్ రోడ్డుకి వెళ్లి ప్లాస్టిక్ ట్రేలు చూశాం. బాగున్నాయి. కానీ మనకి కావలసిన కొలతలో ఒక్కటీ ఉండదు. నాలుగు కొంటే మూడే పడతాయి, పక్కన రెండంగుళాల సందు మిగులుతుంది, వారం తిరిగేసరికి ఆ సందులో మళ్లీ చెత్త చేరుతుంది. పైగా ఏం పెట్టాలో తెలియకుండా ట్రే కొంటే, ట్రేకి తగ్గ సామాను మనం వెతుక్కోవాల్సి వస్తుంది. వెనక్కి వచ్చేశాం. విజయవాడ ఎండలో వెళ్లినందుకు చెరొక చెరుకురసం తాగాం, ఆ ఖర్చు ఇందులో కలపట్లేదు.

మొదట పాత దుప్పటి ఒకటి నేల మీద పరిచి సొరుగు మొత్తం దాని మీద బోర్లించాం. "పైపైన తీసి సర్దుదాం" అన్నది అమ్మ ఆలోచన. నేను ఒప్పుకోలేదు. పైపైన తీస్తే అడుగున ఏముందో ఎప్పటికీ తెలీదు. ఏమేం వచ్చాయో చెప్తాను, నవ్వొద్దు. తాళంచెవులు 11. పెన్నులు 17, రాసేవి 4. పెన్సిల్ సెల్స్ ఇరవై చిల్లర. ఇయర్‌ఫోన్లు 5, అన్నీ ఒకదానికొకటి జడలాగా అల్లుకుని ఉన్నాయి. మందుబిళ్లల ముక్కలు ఒక గుప్పెడు. ఎండకి కరిగి చెక్కకి అతుక్కుపోయిన రబ్బరు బ్యాండ్లు. ఆధార్ జిరాక్సులు 9. పాత సిమ్ కార్డులు 3, వాటిని తీసే పిన్నులు 6. చిల్లర మొత్తం 86 రూపాయలు. అంటే ఈ పని పూర్తయ్యేసరికి లాభమే వచ్చింది!

ఇప్పుడు చాలామంది రంగుల ప్రకారమో సైజు ప్రకారమో గుట్టలు పెడతారు. నేను అలా పెట్టలేదు. ఒక్కో వస్తువు చేతిలోకి తీసుకుని ఒకటే అడిగాను: "దీన్ని ఎప్పుడు వెతుకుతాం?" కరెంటు పోయినప్పుడా, జ్వరం వచ్చినప్పుడా, బయటికి వెళ్లే హడావిడిలోనా, లేక ఎప్పుడూ వెతకమా? టార్చి, కొవ్వొత్తి, అగ్గిపెట్టె మూడూ మూడు రకాల వస్తువులు. కానీ వెతికే సందర్భం ఒకటే, కాబట్టి వాటి చోటూ ఒకటే. ఇలా చూస్తే గుట్టలు వాటంతట అవే పడ్డాయి.

అప్పుడు ఇంకో సంగతి కూడా తెలిసింది. సొరుగులో ఉన్నవాటిలో సగం అసలు సొరుగులో ఉండకూడనివే.

మందులు ముందు చెప్తాను. మా అమ్మమ్మ ఇక్కడికి వచ్చి ఉన్నప్పుడు వేసుకున్న బీపీ మాత్రలు, నాన్న జ్వరం మాత్రలు, ఎవరివో నొప్పి మాత్రలు, అన్నీ కత్తిరించిన ముక్కలు. పేరు ఒక ముక్క మీద ఉంది, తేదీ ఇంకో ముక్క మీద ఉంది, కొన్నింటి మీద రెండూ లేవు. రాత్రి పదకొండింటికి ఫోన్ లైటు వెలుగులో ఆ తెల్ల బిళ్ల జ్వరానిదో బీపీదో ఎవరు చెప్తారు? పేరూ తేదీ లేనివన్నీ, తేదీ దాటినవన్నీ పక్కకి తీసేశాం. ఇక నుంచి మా ఇంట్లో రూలు ఏంటంటే, గడువు తేదీ అచ్చు వేసిన కొస ఏదో చూసుకుని, రెండో కొస నుంచి మాత్రలు తీయాలి. చివరి బిళ్ల వరకూ తేదీ మిగిలి ఉంటుంది. మందుల షాపులో నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తే, పేరు, తేదీ కనిపించేలా అక్కడే ఒక ఫోటో తీసుకోండి, ఇంటికి రాగానే చిన్న కవర్‌లో వేసి పైన రాయండి.

అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. అలాంటివి "పోయినసారి తగ్గింది కదా" అని మిగిల్చి దాచుకున్నవి మా సొరుగులో రెండు దొరికాయి. కంటి చుక్కల సీసా కూడా ఒకటి. మూత తెరిచిన కంటి చుక్కలు మామూలుగా నెల దాటితే వాడకూడదు, అట్టపెట్టె మీద తేదీ ఎంత దూరం ఉన్నా సరే. నీళ్లు కలిపే పిల్లల సిరప్ అయితే ఇంకా తక్కువ రోజులు, సీసా మీదే రాసి ఉంటుంది, చదవండి. పనికొచ్చే మందులు మూతున్న డబ్బాలో బీరువా పై అరలోకి వెళ్లాయి. టీవీ, సెట్‌టాప్ బాక్స్ వేడికి దగ్గరగా మందులు పెట్టడం అసలు తప్పు. పనికిరానివి అట్టలోంచి తీసి, వాడేసిన టీపొడిలో కలిపి, కవర్ మూతి కట్టి, విడిగా ఇచ్చాం. తడి చెత్త, పొడి చెత్త కాకుండా ఇంట్లోని ప్రమాదకర చెత్త అని మూడో రకం 2016 నిబంధనల్లోనే పెట్టారండీ. పాత సెల్స్ కూడా దాంట్లోకే.

సెల్స్ అంటే గుర్తొచ్చింది. టార్చిలో పనిచేయని పెన్సిల్ సెల్ గోడ గడియారంలో ఇంకొన్ని నెలలు నడుస్తుంది, దానికి చాలా తక్కువ కరెంటు చాలు. ఈ చిట్కా నాన్నది. కానీ పాతదీ కొత్తదీ కలిపి ఒకే రిమోట్‌లో వేయకండి, పాతది కారి రిమోట్ పాడవుతుంది. తెల్లటి పొడి పట్టినవాటిని వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

అదే వరసలో పాత ఫోన్ ఒకటి. వెనక మూత ఉబ్బి ఉంది. అంటే లోపల బ్యాటరీ ఉబ్బిందని. దాన్ని నొక్కడం, పొడవడం, "ఒకసారి ఛార్జింగ్ పెట్టి చూద్దాం" అనడం వద్దే వద్దు. నిప్పు అంటుకునే వస్తువు అది. తాళాలు, పిన్నుల మధ్య అలా ఎన్నాళ్లుందో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తోంది. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేశాం. సిమ్, మెమరీ కార్డు తీసి మరీ ఇవ్వండి.

ఆ మూడు పాత సిమ్‌లు మీరైతే ఏం చేస్తారు? పారేస్తారు కదా. ఆగండి. వాడకుండా వదిలేసిన నంబరుని కంపెనీ కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఆ నంబరు బ్యాంకుకో మెయిల్‌కో ఇంకా లింకై ఉంటే ఓటీపీ వెళ్లేది వాళ్లకి. అమ్మ పాత నంబరు ఒక బ్యాంకు పాస్‌బుక్‌కి ఇంకా లింకై ఉంది. ముందు అది మార్పించి, తర్వాత సిమ్ ముక్కలు చేశాం. మన పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, 2023లో కేంద్ర ప్రభుత్వం తెచ్చింది.

ఇక కాగితాలు. ఆధార్ జిరాక్సులు 9 ఉన్నాయని చెప్పాను కదా, ఒకటి ఉంచి మిగతావి చించేశాం. నిలువునా ఒకసారి చించి వదిలేయకండి, నంబరు ఉన్న ముక్క మళ్లీ చించండి. చాలాచోట్ల నంబరులో చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది, అది ఫోన్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మిక్సీ బిల్లు ఒకటి దొరికింది, వారంటీ ఇంకా ఉంది, కానీ కాగితం మొత్తం తెల్లగా అయిపోయింది! షాపుల్లో మిషన్‌లోంచి వచ్చే నున్నటి బిల్లు మీద సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది అంతే. ఎండకి, వేడికి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టినా కూడా ఆ అక్షరాలు చెరిగిపోతాయి. కొన్న రోజే ఫోటో తీసి, ఫోన్‌లో "బిల్లులు" అని ఒక ఆల్బమ్ పెట్టి అందులో వేయండి. అసలు బిల్లు వారంటీ కార్డుతో కలిపి కాగితం కవర్‌లో పెట్టండి.

చిల్లరలో 25 పైసలు కూడా ఉన్నాయి. 2011 జూన్ 30 నుంచి 25 పైసలు, అంతకన్నా చిన్నవి చెల్లవు. అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది, కొట్టువాడు తీసుకుంటాడా అన్నది వేరే కథ. 10 రూపాయల బిళ్లలు కూడా ఏ డిజైన్ అయినా చెల్లుతాయి. పావలాలు అమ్మ తీసి దాచుకుంది. అడగలేదు నేను.

ఇలా తీసేయగా సొరుగులోకి తిరిగి వెళ్లాల్సినవి మూడో వంతు మిగిలాయి. డబ్బాల గురించి ఇప్పుడు ఆలోచించాలి, ముందు కాదు.

టేపు లేకుండా కొలత తీసే పద్ధతి ఒకటి చెప్తాను. న్యూస్‌పేపర్ సొరుగు అడుగున పరిచి, నాలుగు అంచులూ వేలితో గట్టిగా మడత వచ్చేలా నొక్కి, ఆ మడత మీద కత్తిరించండి. ఇప్పుడు సొరుగు అడుగు కొలత మీ చేతిలో ఉంది. దాన్ని నేల మీద పరిచి, ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ దాని మీద పెట్టి అటూ ఇటూ జరిపి చూసుకోవచ్చు, వంగి వంగి సొరుగులో కుస్తీ పట్టక్కర్లేదు. ఎత్తు ఒక్కటి స్కేలుతో చూసుకోండి. మా సొరుగు లోపల 4 అంగుళాలు. డబ్బా అంతకన్నా కనీసం అర అంగుళం తక్కువ ఉండాలి, లేకపోతే మళ్లీ ఆ నొక్కి లాగే విద్యే గతి.

డబ్బాలకి రాజు ఫోన్ అట్టపెట్టె. మందంగా ఉంటుంది, అడుగూ మూతా కలిపి ఒక పెట్టెకి రెండు ట్రేలు వస్తాయి. మా ఇంట్లో మూడు ఉన్నాయి, అంటే 6 ట్రేలు. పొడుగు వస్తువులకి టూత్‌పేస్ట్ పెట్టెల ఒక పక్క కత్తిరించాం. పిన్నులు, సూదులకి అగ్గిపెట్టెలు. మధ్యలో అడ్డుగోడలకి పెళ్లి శుభలేఖలు, ఈ మధ్య వస్తున్నవి పుస్తకం అట్టంత గట్టిగా ఉంటున్నాయి కదా. దేవుడి బొమ్మ ఉన్న పక్కని అమ్మ ముట్టుకోనివ్వలేదు, పేర్లున్న కార్డులే వాడాం. స్వీటు డబ్బాలు వద్దు. ఎంత తుడిచినా నెయ్యి వాసన పోదు, బొద్దింకలు వస్తాయి. మైదా ఉడికించి జిగురు చేయడం కూడా అందుకే వద్దు. డబుల్ సైడ్ టేపు కొన్నాం, 40 రూపాయలు. పేర్లు రాయడానికి మార్కర్ 20. మొత్తం ఖర్చు ఇంతే.

పెట్టెలు ఒకదానికొకటి అంటించాం, అడుగుకి అంటించలేదు. రేపు మార్చాలంటే మొత్తం పీకక్కర్లేకుండా. కింద పాత క్యాలెండర్ షీటు, తెల్ల వైపు పైకి, చిన్న పిన్ను పడినా కనిపిస్తుంది. సొరుగు గట్టిగా ఉంటే అది జారే చెక్క అంచు మీద కొవ్వొత్తి రుద్దండి. వానాకాలంలో చెక్క ఉబ్బి పట్టేస్తుంది, ఆ మైనానికి మెత్తగా జారుతుంది. మా సొరుగు ఇప్పుడు ఒక్క వేలితో వస్తోంది, చూడండి.

ముందు వరసలో, చెయ్యి పెట్టగానే తగిలేలా టార్చి, కొవ్వొత్తులు, వాడే తాళంచెవులు. అగ్గిపెట్టె మాత్రం అక్కడ పెట్టలేదు, పాప మళ్లీ దసరాకి వస్తుంది. అది వంటింట్లో పైన. వెనక వరసలో టేపు, కత్తెర లాంటివి. వైర్లు విడివిడిగా చుట్టి, వాడేసిన టాయిలెట్ పేపర్ అట్ట గొట్టాల్లో దూర్చాం. అవి లేకపోతే దారం కట్టినా చాలు. రబ్బరు బ్యాండు వేయకండి, వేసవిలో కరిగి వైరుకి అంటుకుంటుంది.

రబ్బరు బ్యాండ్ల మీద పెద్ద గొడవే అయ్యింది. అమ్మ కూర కట్టలకి వచ్చిన ప్రతి బ్యాండూ దాస్తుంది. నేను అన్నీ పారేస్తున్నాను. "అవి పారెయ్యకే, రేపు పాల ప్యాకెట్‌కి కావాలంటే నువ్వు కొనుక్కొస్తావా?" అంది. ఆలోచిస్తే అమ్మది న్యాయమే, నిజంగానే రోజూ వాడుతుంది. కాబట్టి అవి వంటింట్లో గోడ మేకుకి వెళ్లాయి, కరిగినవి మాత్రం పోయాయి. మన వస్తువు కానిది మనం చెత్త అనేయడం తేలిక. నాన్న తాళంచెవుల దగ్గర కూడా ఇదే. 11లో 5 దేనివో ఎవరికీ తెలీదు, ఆయన మాత్రం పారేయనివ్వరు. వాటిని ఒక కవర్‌లో వేసి ఈ నెల తేదీ రాశాం. ఏడాదిలో ఒక్క తాళం కూడా తెరవకపోతే అప్పుడు మాట్లాడదాం అని ఒప్పందం.

ఒక పెట్టె ఖాళీగా ఉంచాను, చూశారా, ఈ మూల. "ప్రస్తుతానికి" అనే మాట మా ఇంట్లో ఆగదని నాకు తెలుసు, అందుకని దానికీ ఒక చోటు. అది నిండితే ఆ ఆదివారం తీసి చూడాలి. మూడు వారాల్లో ఇప్పటికే సగం నిండింది, దాచడం ఎందుకు.

చివరగా పరీక్ష పెట్టాం. రాత్రి లైట్లన్నీ ఆపేసి, ఫోన్ వాడకూడదని చెప్పి, నాన్నని టార్చి తెమ్మన్నాం. సర్దేటప్పుడు ఆయన ఊళ్లో లేరు, కాబట్టి ఏది ఎక్కడుందో నాన్నకి తెలీదు. మొదటిసారి దొరకలేదు! టార్చి ముందు వరసలోనే ఉంది కానీ ఎడమ మూల పెట్టాను, ఆయన కుడి చెయ్యి దూర్చి కుడి పక్కే వెతికారు. టార్చి కుడివైపు మార్చాక ఇంకోసారి చేశాం, ఈసారి సొరుగు తెరిచిన చప్పుడు, వెంటనే వెలుగు. మీరు సర్దాక కూడా ఈ పరీక్ష పెట్టండి, కానీ సర్దినవాళ్లు కాకుండా ఇంకెవరైనా వెతకాలి.

మళ్లీ వచ్చే వారం కలుద్దాం. అమ్మ ఫ్రిజ్ మీద బుట్ట వైపు చూపిస్తోంది, నేను చూడనట్టు నటిస్తున్నాను. ఉంటాను మరి.